‘ఇంకా తెలియదు’ అని చెప్పగల సంస్థ: జాతీయ వైద్య అకాడమీ, పరిశోధన, ఆరోగ్య విధానం
(స్మారకోపన్యాస పాఠం)

1820 డిసెంబరు 20న ఫ్రాన్స్ రాజు పద్దెనిమిదో లూయీ పారిస్‌లో రాజవైద్య అకాడమీని నెలకొల్పుతూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఆలోచన ఆస్థాన వైద్యుడు ఆంత్వాన్ పోర్తాల్‌ది. అంతకుముందు ఉన్న రాజవైద్య సంఘాన్ని విప్లవ ప్రభుత్వం 1793లో తక్కిన అకాడమీలతో పాటు రద్దు చేసింది. కొత్త అకాడమీకి ఉత్తర్వు అప్పగించిన పనులు స్పష్టమైనవి: ప్రజారోగ్యం గురించి ప్రభుత్వం ఏది అడిగినా జవాబు చెప్పాలి. మనుషులకు వచ్చే అంటురోగాలు, పశువులకు వచ్చే తెగుళ్లు, మశూచి టీకా వ్యాప్తి, న్యాయస్థానాలకు కావలసిన వైద్య నిర్ణయాలు, ఖనిజ జలాల గుణదోషాలు, కొత్త మందులు, గుట్టుమందులు అన్నీ దాని పరిధిలోకి వచ్చాయి.

రెండు వందల ఏళ్ల తర్వాత కూడా జాతీయ వైద్య అకాడమీ అంటే స్థూలంగా ఇదే. అది రోగులకు చికిత్స చేయదు. ఆసుపత్రులు నడపదు. ఎవరినీ శిక్షించలేదు. అది చెప్పినదాన్ని ప్రభుత్వం వినితీరాలని సాధారణంగా ఏ చట్టమూ లేదు. దాని చేతిలో ఉన్నది మాట ఒక్కటే. ఆ మాట పరిశోధనను ఎలా మలుస్తుంది, విధానంగా ఎలా మారుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి కొన్ని సందర్భాలను దగ్గరగా చూస్తేనే తెలుస్తాయి.

పారిస్ అకాడమీ మొదట్లో ఎదుర్కొన్న పెద్ద ప్రశ్న నెత్తురు తీసే వైద్యం. జ్వరమైనా వాపైనా జలగలు పట్టించడం అప్పటి ఆనవాయితీ. ఫ్రాన్స్వా బ్రూసే అనే వైద్యుడి బోధనతో అది ఎంత పెరిగిందంటే, 1833 ఒక్క ఏడాదిలోనే ఫ్రాన్స్ 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకుంది. పియేర్ లూయీ అనే మరో వైద్యుడు వాదానికి దిగకుండా లెక్క రాశాడు. న్యుమోనియా రోగులు 77 మంది. జబ్బు మొదలైన నాలుగు రోజుల్లోపు నెత్తురు తీసినది 41 మందికి; వాళ్లలో 18 మంది చనిపోయారు. ఐదో రోజు నుంచి తొమ్మిదో రోజు లోపల తీసినది 36 మందికి. వాళ్లలో 9 మంది చనిపోయారు. ఎంత త్వరగా నెత్తురు తీస్తే అంత మేలన్న నమ్మకానికి ఈ నాలుగు అంకెలు ఎదురు నిలిచాయి.

1837లో ఈ లెక్కల పద్ధతి మీదే అకాడమీలో పెద్ద చర్చ జరిగింది. ఏ ఇద్దరు రోగులూ ఒకలా ఉండరు, రోగులను గుంపుగా లెక్కించడం వైద్యమే కాదు అని ఒక వర్గం గట్టిగా వాదించింది. లెక్కించకపోతే వైద్యుడికి తన జ్ఞాపకం తప్ప మరో ఆధారం ఉండదని రెండో వర్గం అంది. సభ ఏదీ తేల్చకుండానే ముగిసింది. అకాడమీ అన్నంతమాత్రాన అందులోని పెద్దలు సత్యం వైపే నిలుస్తారన్న హామీ లేదు. కానీ వాదన నలుగురి ఎదుట జరిగింది, అచ్చయింది. ఆ పద్ధతి నచ్చిన అమెరికా, ఇంగ్లండు విద్యార్థులు దాన్ని తమ దేశాలకు తీసుకుపోయారు. నేటి క్లినికల్ ట్రయల్ పూర్వీకుల్లో లూయీ రాసిన ఆ పట్టిక ఒకటి.

1879 మార్చి 11న అదే సభలో జరిగిన సంఘటన ఇంకా ప్రసిద్ధం. ప్రసూతి ఆసుపత్రుల్లో బాలింతలను తీసుకుపోతున్న జ్వరానికి కారణాలు ఒక వైద్యుడు వివరిస్తున్నాడు. లూయీ పాశ్చర్ మధ్యలో అడ్డు తగిలాడు. జ్వరాన్ని మోసుకుపోతున్నది వైద్యుడూ అతని పరివారమేనని, జబ్బుపడ్డ బాలింత నుంచి ఆరోగ్యంగా ఉన్న బాలింతకు వాళ్ల చేతుల మీదుగానే సూక్ష్మజీవి చేరుతోందని చెప్పాడు. నల్లబల్ల దగ్గరకు వెళ్లి పూసలు గుచ్చినట్టుండే ఆ జీవి బొమ్మ గీసి చూపించాడు. ఇప్పుడు స్ట్రెప్టోకాకస్ అంటున్నది దాన్నే. పాశ్చర్ వైద్యుడు కాడు, రసాయన శాస్త్రవేత్త. అయినా ఆయనను 1873లో అకాడమీ సభ్యుడిగా ఎన్నుకున్నారు. వైద్యులకు చేదుగా ఉన్న మాటను వైద్యుల సభలోనే నిలబడి చెప్పే హక్కు ఆ ఎన్నిక వల్ల దక్కింది. అకాడమీ పరిశోధనకు చేసే మేలు ముఖ్యంగా ఇటువంటిది. ప్రయోగం మరెక్కడో ప్రయోగశాలలో జరుగుతుంది. అది ప్రశ్నలను తట్టుకుని నిలబడాల్సిన చోటు మాత్రం ఇదే.

ఆరోగ్య విధానం విషయానికి వస్తే అమెరికా అనుభవం ఎక్కువ నేర్పుతుంది. ఆ దేశపు సైన్సుల జాతీయ అకాడమీకి 1863లో, అంతర్యుద్ధం నడుమ, అబ్రహాం లింకన్ సంతకంతో అధికార పత్రం వచ్చింది. ప్రభుత్వంలోని ఏ శాఖ అడిగినా అకాడమీ పరిశీలించి నివేదించాలి. ఖర్చులు ప్రభుత్వం భరిస్తుంది, పనికి మాత్రం ప్రతిఫలం ఉండదు. ఇదీ అందులోని షరతు. నేటికీ అధ్యయన సంఘాల్లో కూర్చునే నిపుణులు జీతం లేకుండానే పనిచేస్తున్నారు. వైద్యానికి విడిగా ఒక అకాడమీ కావాలని క్లీవ్‌లాండ్ వైద్యుడు ఇర్విన్ పేజ్ 1960లలో పట్టుబట్టాడు. ఫలితంగా 1970లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఏర్పడింది. 2015లో దాని పేరు నేషనల్ అకాడమీ ఆఫ్ మెడిసిన్‌గా మారింది. సభ్యుల్లో కనీసం నాలుగో వంతు వైద్యవృత్తులకు బయటివాళ్లు ఉండాలన్న నియమం పెట్టుకున్నారు. న్యాయవాదులు, ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు అలా లోపలికి వచ్చారు. ఆరోగ్య విధానంలో వైద్యుడికి కనబడనిది చాలా ఉంటుందని మొదటే ఒప్పుకున్న నియమం అది.

నివేదిక తయారయ్యే తీరు చూస్తే దాని బరువు ఎక్కడిదో అర్థమవుతుంది. ముందు ప్రశ్నను రాతపూర్వకంగా ఖరారు చేస్తారు. సంఘంలోకి పదిమందో పదిహేనుమందో నిపుణులను తీసుకుంటారు. ఎవరికి ఏ కంపెనీతో సంబంధముంది, ఎవరు ఏ వాదానికి ముందే కట్టుబడ్డారు అన్నది వాళ్లు వెల్లడించాలి. పేర్లు బయటపెట్టి అభ్యంతరాలు అడుగుతారు. సాక్ష్యాలు వినే సమావేశాలు అందరి ఎదుట జరుగుతాయి. చర్చించి తేల్చుకునేవి మాత్రం తలుపులు మూసుకుని జరుగుతాయి. ముసాయిదా సిద్ధమయ్యాక, సంఘంలో లేని మరికొందరు నిపుణులకు పంపుతారు. వాళ్లెవరో సంఘానికి అప్పటికి తెలియదు. వాళ్ల ప్రతి అభ్యంతరానికీ జవాబు రాయాలి. డబ్బిచ్చిన ప్రభుత్వ శాఖ కూడా ఈ సమీక్ష పూర్తయ్యేదాకా నివేదికను చూడలేదు. ఈ చివరి నియమం చిన్నదిగా కనబడుతుంది కానీ తక్కినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. డబ్బు ఇచ్చినవాడు వాక్యాలు దిద్దిన నివేదికను ఎవరూ నమ్మరు.

ఇలా వచ్చిన నివేదికల్లో సామాన్య పాఠకుడిదాకా చేరినది 1999 నవంబరులో వెలువడిన ‘టు ఎర్ ఈజ్ హ్యూమన్’. ఆసుపత్రుల్లో జరిగే పొరపాట్ల గురించి అది. బోస్టన్ పత్రికలో ఆరోగ్య విషయాలు రాసే ఒక విలేఖరి కేన్సర్ చికిత్సలో ఉండగా 1994లో మరణించిన ఉదంతం దాని ప్రారంభంలోనే ఉంది. నాలుగు రోజుల్లో మొత్తంగా ఇవ్వాల్సిన మందు మోతాదును ఆమెకు నాలుగు రోజులూ రోజుకొకసారి చొప్పున ఇచ్చారు. చీటీ మీద అంకె తప్పు కాదు, ఆ అంకె రోజుదా మొత్తందా అన్న చోట పొరపాటు జరిగింది. వైద్యుడు, ఫార్మసిస్టు, నర్సు ఇంతమంది చేతుల మీదుగా పోయినా అది ఎవరి కంటా పడలేదు.

అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది వైద్యపరమైన పొరపాట్ల వల్ల చనిపోతున్నారని నివేదిక అంచనా వేసింది. మొదటి అంకెకు ఆధారం కొలరాడో, యూటా రాష్ట్రాల అధ్యయనం. రెండోదానికి న్యూయార్క్ రాష్ట్రంలో 1984 నాటి కేసు కాగితాలు చూసి చేసిన అధ్యయనం. రెండింటినీ దేశమంతటి ఆసుపత్రి చేరికలకు వర్తింపజేశారు. ఈ అంకెల మీద వైద్య పత్రికల్లో తీవ్ర విమర్శ వచ్చింది. ఆ రోగుల్లో కొందరు పొరపాటు జరగకపోయినా కొద్ది రోజుల్లోనే చనిపోయేవారే కదా అన్నారు. ఒక కేసు కాగితాన్ని ఇద్దరు వైద్యులు చదివితే పొరపాటు జరిగిందా లేదా అన్న దానిమీదే ఏకీభావం కుదరదని చూపించారు. విమర్శలో పస ఉంది. అయినా నివేదిక అసలు చెప్పినది అంకె కాదు. నర్సును తిట్టి, ఉద్యోగం తీసేస్తే పొరపాటు ఆగదు. ఆ పొరపాటు జరగడానికి వీలిచ్చిన ఏర్పాటును మార్చాలి అని చెప్పింది. ఒకే రంగు మూతలతో పక్కపక్కన పెట్టిన రెండు మందు సీసాలు, నీళ్లలో కలపకుండా ఎక్కిస్తే గుండెను ఆపేసే గాఢమైన పొటాషియం క్లోరైడును వార్డు అలమరాలోనే ఉంచడం, ఎవరూ చదవలేని చేతిరాత వంటివి ఆ ఏర్పాటులో భాగాలు. విమానయానం ఈ దారిలోనే ప్రమాదాలు తగ్గించుకుందని గుర్తుచేసింది.

ఐదేళ్లలో పొరపాట్లను సగానికి తగ్గించాలని నివేదిక లక్ష్యం పెట్టింది. అది నెరవేరలేదు. కానీ అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) రోగి భద్రత మీద పరిశోధనకు 5 కోట్ల డాలర్లు కేటాయించింది. పొరపాటును స్వచ్ఛందంగా చెప్పుకున్న ఆసుపత్రి సమాచారానికి రక్షణ కల్పిస్తూ 2005లో చట్టం వచ్చింది. అన్నిటికీ మించి ‘రోగి భద్రత’ అనే పేరుతో కొత్త పరిశోధన రంగమే ఏర్పడింది. జూనియర్ డాక్టర్లను నిద్ర లేకుండా 16 గంటలకు మించి పనిచేయించరాదని 2008లో మరో నివేదిక అంది. 2011లో మొదటి ఏడాది వాళ్లకు ఆ నియమం పెట్టి, 2017లో సడలించారు.

అకాడమీ మాట నేరుగా ఇంటి ఖర్చులదాకా చేరిన సందర్భం ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందుది. వియత్నాం యుద్ధంలో 1962 నుంచి 1971 వరకు అమెరికా సైన్యం 7 కోట్ల లీటర్లకు పైగా కలుపుమందులను అడవుల మీద, పొలాల మీద చల్లింది. తిరిగివచ్చిన సైనికుల్లో కొందరికి ఏళ్ల తర్వాత జబ్బులు వచ్చాయి. ఫలానా రోజు ఫలానా చోట నా ఒంటిమీద ఇంత మందు పడింది అని ఏ సైనికుడూ రుజువు చేయలేడు. 1991లో వచ్చిన చట్టం ఈ చిక్కును ఒక పద్ధతిలో విప్పింది. ఏ జబ్బుకు ఈ మందుతో సంబంధముందో అకాడమీ చెప్పాలి, దాన్ని చూసి ప్రభుత్వం పింఛను నిర్ణయించాలి. 1994 నుంచి 2018 దాకా దాదాపు రెండేళ్లకొకసారి నివేదిక వచ్చింది. జబ్బులను నాలుగు గుంపులు చేశారు: సంబంధానికి తగినంత సాక్ష్యం ఉన్నవి, కొంత సూచన మాత్రమే ఉన్నవి, చెప్పడానికి సాక్ష్యం చాలనివి, సంబంధం లేదని సూచన ఉన్నవి.

రక్తపోటు ప్రయాణం చూస్తే ఈ పద్ధతి ఎలా నడిచిందో తెలుస్తుంది. మొదట అది మూడో గుంపులో ఉంది, అంటే చెప్పలేం. తర్వాత మరికొన్ని అధ్యయనాలు రావడంతో రెండో గుంపుకు మారింది. 2018లో మొదటి గుంపుకు చేరింది. 2022లో చట్టం దాన్ని పింఛను ఇవ్వదగ్గ జబ్బుల్లో చేర్చింది. పాతికేళ్లలో ఒక సంస్థ తన జవాబును మళ్లీ మళ్లీ తెరిచి చూసుకుంది, మార్చుకుంది, ప్రతిసారీ ఎందుకు మారిందో రాసింది. ఒక పని కోసం వేసిన కమిటీ నివేదిక ఇచ్చి లేచిపోతుంది. అకాడమీ లేచిపోదు. జ్ఞాపకం ఉండడమే దాని ముఖ్యమైన ఆస్తి. ఇక్కడే మరో సంగతి చెప్పాలి. చట్టం అడిగినది అమెరికా సైనికుల గురించే. ఆ మందు కిందే బతికిన వియత్నాం ప్రజలు ఆ ప్రశ్నలో లేరు కాబట్టి జవాబులోనూ లేరు. ప్రశ్న ఎవరు రాస్తారో వాళ్లే సగం జవాబు రాసినట్టు.

‘తెలియదు’ అని చెప్పడం తేలికని అనిపించవచ్చు. టీకాల విషయంలో అదే అన్నిటికన్నా కష్టమైంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి వేసే టీకాకూ ఆటిజానికీ కార్యకారణ సంబంధం లేదని సాక్ష్యం చెబుతోందని 2004లో అకాడమీ సంఘం తేల్చింది. 2011లో మరో సంఘం 8 టీకాల గురించి, ఒక్కొక్క టీకా, ఒక్కొక్క దుష్ఫలితం జతగా తీసుకుని, 158 జతలను పరిశీలించింది. 14 జతల్లో టీకానే కారణమని సాక్ష్యం గట్టిగా నిలిచింది. టీకా వేయగానే కొందరు సొమ్మసిల్లి పడిపోవడం అటువంటిది. మరో 4 జతల్లో సాక్ష్యం ఆ వైపు మొగ్గింది. 5 జతల్లో సంబంధం లేదన్న వైపు మొగ్గింది. మిగిలిన 135 జతల్లో చెప్పడానికి సాక్ష్యం చాలదు అని రాసింది. టీకాల మీద అపోహలు ప్రబలుతున్న కాలంలో 135 చోట్ల ‘చాలదు’ అని అచ్చువేయడానికి ధైర్యం కావాలి. ఆ మాటను ఎవరైనా వక్రీకరించవచ్చు. అయినా, తెలియనిదాన్ని దాచని సంస్థ కాబట్టే, ఆ 5 చోట్ల అది చెప్పిన మాటకు విలువ ఉంది.

సలహా ఎంత మంచిదైనా పాలకులు వినకపోతే నడవదు. ఎయిడ్స్ మీద 1986లో వచ్చిన నివేదిక, 1990 నాటికి పరిశోధనకు ఏటా 100 కోట్ల డాలర్లు, ప్రజలకు తెలియజెప్పడానికి మరో 100 కోట్ల డాలర్లు కావాలంది. అప్పటి ప్రభుత్వం ఆ జబ్బు పేరెత్తడానికే వెనకాడుతోంది. 2010 నాటికి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉండాలని అకాడమీ 2004లో సిఫారసు చేసింది. 2010లో వచ్చిన బీమా చట్టం చాలామందికి మేలు చేసినా అందరికీ చేరలేదు. మరోవైపు, కొత్తగా తలెత్తే అంటురోగాల గురించి జాషువా లెడర్‌బర్గ్ తదితరుల ఆధ్వర్యంలో 1992లో వచ్చిన నివేదిక, ఎవరూ ఆ ముప్పును పట్టించుకోని రోజుల్లో నిఘా లేకపోవడాన్ని ఎత్తిచూపింది. అమెరికా రోగ నియంత్రణ సంస్థ (సీడీసీ) రెండేళ్లలో తన ప్రణాళికను దానికి అనుగుణంగా రాసుకుంది. కొత్తగా తలెత్తే అంటురోగాల పేరుతోనే 1995లో ఒక పరిశోధన పత్రిక కూడా మొదలైంది. ఏ పరిశోధన లేదో చెప్పడం కూడా అకాడమీ పనే.

భారతదేశంలో ఈ పని ఒకచోట కుదురుకోలేదు. వైద్య పరిశోధనకు 1911లో ఏర్పడ్డ నిధి సంఘమే 1949లో భారతీయ వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ అయింది. ఆరోగ్య వ్యవస్థ రూపురేఖలు గీసినది 1943లో నియమించగా 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ఆలోచన అక్కడిదే. అది గొప్ప నివేదిక. కానీ కమిటీ రద్దయ్యాక, చెప్పినదాన్ని మళ్లీ తెరిచి చూసే బాధ్యత ఎవరికీ మిగల్లేదు. ఆ తర్వాత మరో కమిటీ, ఆ తర్వాత ఇంకొకటి. 1961లో ఏర్పడ్డ భారతీయ వైద్య శాస్త్రాల అకాడమీని ఆ ఏడాది డిసెంబరులో జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1976లో దాని పేరు జాతీయ వైద్య శాస్త్రాల అకాడమీ అయింది. అది ఎక్కువ శక్తి వైద్యవిద్య మీద పెట్టింది. నేడు డీఎన్‌బీ అనే స్పెషలిస్టు వైద్యుల పట్టాలిస్తున్న నేషనల్ బోర్డు 1975లో ఈ అకాడమీ విభాగంగానే మొదలై, 1982లో స్వతంత్ర సంస్థ అయింది. వైద్యులకు నిరంతర విద్య, ఫెలోషిప్పులు, సొంత పత్రిక దాని ఇతర పనులు. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం వంటి విషయాల మీద టాస్క్‌ఫోర్స్ నివేదికలు వెలువరించడం ఇటీవలి పరిణామం. విధాన సలహా వైపు ఆలస్యంగానైనా వేసిన అడుగు అది, స్వాగతించదగ్గది.

ఈలోగా అకాడమీ చేయదగ్గ పనులు కొన్ని పరిశోధన సంస్థలే చేశాయి. అందులో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒకటి. భారతీయులకు ఏ పోషకం రోజుకు ఎంత కావాలో తేల్చే పట్టికలు ఐసీఎంఆర్ తరఫున అక్కడే తయారవుతాయి. 2020లో వాటిని సవరించారు. చిన్నపిల్లల్లో ఎ విటమిను లోపం వల్ల చూపు పోకుండా పెద్ద మోతాదును నోట్లో వేసే పద్ధతిని ఆ సంస్థ పరీక్షించి చూపితే, 1970లో అది ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చే జాతీయ కార్యక్రమమైంది. ఆ కాలంలో సంస్థను నడిపిన సి. గోపాలన్, దశాబ్దాల తర్వాత, కంటిజబ్బు తగ్గిపోయాక కూడా పెద్ద మోతాదును అందరు పిల్లలకూ కొనసాగించడాన్ని వ్యతిరేకించారు. ఆకుకూరలు, పాలు, పండ్లతో తీరాల్సిన లోపాన్ని శాశ్వతంగా మందుతో తీర్చకూడదని వాదించారు. తన సంస్థ ఇచ్చిన జవాబునే తిరిగి ప్రశ్నించిన శాస్త్రవేత్త ఆయన. అయితే అది ఒక వ్యక్తి చేసిన పనిగానే మిగిలింది. ఆ తిరిగి చూడడాన్ని ఒక సంస్థ క్రమంగా, గడువు పెట్టుకుని చేయాల్సి ఉంది.

అలా చూడాల్సిన ప్రశ్న తెలుగునేల మీదే ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య, షుగరూ బీపీ లేని రైతుకూలీలకు కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. అక్కడి ఊళ్లలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ‘క్రియాటినిన్ ఎంత?’ అని, అంటే మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె గురించి అడగడం వింత కాదు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, భార లోహాలు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో ఊహలున్నాయి. ఏదీ కారణమని తేలలేదు. కారణం తేలేదాకా ప్రభుత్వాలు ఆగలేదు, ఆగకూడదు కూడా. బోరు నీళ్లకు బదులు వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి, డయాలసిస్ రోగులకు పింఛను వచ్చింది, 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి తెరిచారు. ఇక కావలసింది ప్రతి ఊహకూ ఎదురుగా దాని సాక్ష్యం రాసి, ఏజెంట్ ఆరెంజ్‌కు చేసినట్టే నాలుగు గుంపులు చేసి, రెండేళ్లకొకసారి మళ్లీ తెరిచే పట్టిక. నీళ్లు మారాక కొత్త కేసులు తగ్గాయా అన్నది అందులో మొదటి వరుస కావాలి. ఏ ఊరికి ఏ నెలలో కొత్త నీళ్లు చేరాయో, ఆ ఊళ్లో ఆ తర్వాత ఎవరెవరి క్రియాటినిన్ ఎలా మారిందో ఇప్పటినుంచే రాసి ఉంచితేనే ఆ వరుస నింపడం వీలవుతుంది.